వాన తేని గాలి: అనంతపురం పీఠభూమి నుంచి ఎడారి తీరాల దాకా

ఆకాశంలో నిలిపిన పెద్ద కైటు లాగుతూ ఉంటే కాళ్లకింద పలకతో నీటిమీద జారిపోయే క్రీడను కైట్ సర్ఫింగ్ అంటారు. ఈ క్రీడకు పేరుమోసిన స్థలాల్లో చాలా భాగం ఎడారి తీరాలే: పశ్చిమ సహారాలోని దాఖ్లా, నమీబియాలోని ల్యూడెరిట్జ్, ఒమన్ దేశపు మసీరా ద్వీపం, ఎర్రసముద్రపు ఈజిప్టు ఒడ్డు. వాన దాదాపు పడని చోట్లనే గాలి అంత నిలకడగా ఎందుకు వీస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి తెలుగు పాఠకులు అంత దూరం పోనక్కరలేదు. సముద్రానికి రెండువందల కిలోమీటర్లకు పైగా ఎడంగా ఉన్న అనంతపురం పీఠభూమి మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే పడమటి గాలిలోనే ఆ విషయానికి కావలసిన భౌతికశాస్త్రం చాలావరకు ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేదీ, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఏటి ఇసుకను చేల మీదికి తోలేదీ, మసీరాలోనూ రామేశ్వరంలోనూ కైట్లను లాగేదీ ఒకే రుతుపవన ప్రవాహం. దూరపు తీరానికి కైటు యాత్ర తలపెట్టినవారు ఏ నెలలో, ఏ పూట, ఏ దిక్కు నుంచి, ఎంత ఎత్తున అని గాలి గురించి అడగవలసిన ప్రశ్నలన్నీ అనంతపురం గాలిని కొలిచినవారు దశాబ్దాల కిందటే అడిగినవి.

తేమను పడమట దించి వచ్చే ప్రవాహం

మే చివరికి ఉపఖండపు వాయవ్య భాగంలో నేల కాగిపోయి వాయుపీడనం పడిపోతుంది. దక్షిణ హిందూమహాసముద్రం మీద పీడనం ఎక్కువగా ఉండటంతో అక్కడి గాలి భూమధ్యరేఖను దాటి, తూర్పు ఆఫ్రికా మెట్టసీమల అంచును రాసుకుంటూ ఉత్తరానికి సాగి, భూభ్రమణ ప్రభావంతో కుడివైపుకు ఒరిగి, అరేబియా సముద్రం మీదుగా నైరుతి గాలిగా భారతదేశానికి చేరుతుంది. ఈ ప్రవాహంలో అత్యంత వేగవంతమైన భాగం సముద్రమట్టానికి కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి సెకనుకు 15 మీటర్లు దాటడం మామూలు, కొన్ని రోజుల్లో 25 మీటర్లను కూడా అందుకుంటుంది. విమానాలు ఎగిరే ఎత్తులో కనిపించే జెట్ ప్రవాహాల కన్న ఇది బాగా కిందుగా ఉంటుంది కనుక దీన్ని నిమ్నస్థాయి జెట్ అంటారు. 1960ల చివర దీన్ని వివరంగా చిత్రించిన బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త పేరు మీద ఫిండ్లేటర్ జెట్ అన్న పేరు కూడా వాడుకలో ఉంది.

ఈ గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు చల్లబడి, అందులోని ఆవిరి మేఘమై, వానగా దిగిపోతుంది. కనుమల మీది ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంటే, అక్కడికి నేరుగా 300 కిలోమీటర్ల దూరాన ఉన్న అనంతపురంలో సాధారణ వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అందులోనూ నైరుతి కాలపు వాటా సుమారు 340 మాత్రమే. మేఘం కట్టుకుంటూ ఎక్కే గాలి కిలోమీటరుకు అయిదారు డిగ్రీల చొప్పున చల్లబడితే, తేమ పోగొట్టుకుని అవతలివైపు దిగే గాలి కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అందువల్ల కనుమలు దాటి వచ్చిన గాలి ఎక్కినప్పటికన్న వెచ్చగానూ పొడిగానూ ఉంటుంది. వర్షచ్ఛాయ అనే మాటకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే వివరణ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది గాని, అనంతపురానికి సంబంధించిన అసలు సంగతి ఆ తరువాత మొదలవుతుంది: కనుమల మీద గాలి తేమను వదిలినంతగా వేగాన్ని వదలదు. దట్టమైన అడవి గాని, అడ్డంగా నిలిచే పెద్ద పర్వతశ్రేణి గాని లేని మెట్ట మీదికి అది చాలావరకు తన ఊపుతోనే వస్తుంది.

పీఠభూమి ఎత్తు దీనికి తోడవుతుంది. అనంతపురం పట్టణం సముద్రమట్టానికి 350 మీటర్లకు అటూ ఇటూగా ఉంటే, దక్షిణాన మడకశిర వైపు నేల 600 మీటర్లు దాటుతుంది. అంటే నిమ్నస్థాయి జెట్ అడుగుభాగానికీ నేలకూ మధ్య ఎడం ఆ మేరకు తగ్గుతుంది. పగటి ఎండకు కాగిన నేల నుంచి వేడిగాలి పైకి లేస్తూ, పైనున్న వేగవంతమైన గాలి కిందికి దిగుతూ ఉండటం వల్ల మధ్యాహ్నానికి నేలమట్టపు గాలి బలపడుతుంది. పొద్దుగూకాక నేల చల్లబడి ఈ కలగలుపు ఆగిపోగానే కింది గాలి నెమ్మదిస్తుంది. కాని నేల రాపిడి నుంచి విడివడ్డ పైగాలి, నూరు మీటర్ల ఎత్తున, అదే రాత్రి మరింత వేగం పుంజుకోవచ్చు. ఊళ్లో ఆకు కదలని రాత్రి కొండ మీది మరలు జోరుగా తిరుగుతూ ఉండటానికి కారణం ఇదే. ఆరుబయట మంచం వేసుకుని పడుకున్నవారి అనుభవాన్ని బట్టి ఆ గాలిని అంచనా కట్టడం కుదరదు.

రాయలసీమ రైతులు ఈ గాలికాలాన్ని కార్తెల లెక్కన గుర్తుపెట్టుకుంటారు. జూన్ రెండో వారంలో మృగశిరతో లేచిన గాలి ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే ఆషాఢమంతా, ఉధృతంగా ఉండి, ఆగస్టు చివర మఖ దాటాక తగ్గుముఖం పడుతుంది. వాన మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లో, ఉత్తర, హస్త కార్తెలకు గాని దండిగా పడదు. గాలి ముందు, వాన వెనుక అన్న ఈ వరుస సీమ వ్యవసాయానికి పెద్ద శాపం. వేరుశనగ విత్తనం పడి లేత మొక్క నిలదొక్కుకోవలసిన వారాల్లో గాలి నేలలోని తడిని పీల్చుకుంటుంది. ఏడాది మొత్తంలో ఇక్కడి నేల, మొక్కలు కలిసి ఆవిరిగా వదలగలిగిన నీరు పడే వానకు మూడింతలు దాటుతుంది. ఎడారి తీరంలో శిబిరం వేసుకునేవారు మోసుకుపోవలసిన తాగునీటి లెక్కకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పొడి గాలిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోవడం వల్ల ఒంట్లోంచి నీరు పోతున్న సంగతి మనిషికి తెలియదు. చల్లగా అనిపించే గాలే ఒళ్లును వేగంగా ఎండబెడుతుంది.

హగరి ఒడ్డున ఇసుక నడక

కర్ణాటకలో పుట్టి అనంతపురం జిల్లా పడమటి అంచు గుండా తుంగభద్రకేసి పోయే వేదవతిని దిగువన హగరి అంటారు. దీని మీద చిత్రదుర్గ జిల్లా హిరియూరు దగ్గర 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం, తరువాతి కాలంలో గుమ్మగట్ట మండలంలో కట్టిన భైరవానితిప్ప జలాశయం నీటిని ఎగువనే పట్టుకోగా, కింద ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు వెడల్పాటి ఇసుక మైదానంగా మిగిలిపోతుంది. గాలికాలం వానకాలానికి ముందు రావడం వల్ల ఈ ఇసుక సరిగ్గా పొడిగా ఉన్నప్పుడే గాలికి దొరుకుతుంది. బొమ్మనహాళ్ మండలంలోని దర్గాహొన్నూరు, గోవిందవాడ ప్రాంతాల్లో ఏటి ఒడ్డు దాటి చేలల్లో పేరుకున్న ఇసుక మేటలు, దిబ్బలు చూసినవారు అది రాజస్థాన్ అని పొరబడటంలో వింత లేదు. 1977-78లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు ఎడారి అభివృద్ధి పథకం పరిధిని, తెలుగు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక తరువాత విస్తరించినప్పుడు, అనంతపురం కూడా అందులో చేరింది.

ఇసుక గాలికి ఎలా కదులుతుందన్నది 1930లలో లండన్‌లో గాలిసొరంగం కట్టి, ఈజిప్టు, లిబియా ఎడారుల్లో తిరిగి తేల్చినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే సైనిక ఇంజనీరు. 1941లో వెలువడిన ఆయన పుస్తకం ఈ రంగంలో నేటికీ మూలగ్రంథం. ఏటి ఇసుకలో ఒక రేణువు మిల్లీమీటరులో నాలుగోవంతు ఉందనుకుంటే, నేలకు పది మీటర్ల ఎత్తున గాలి సెకనుకు అయిదారు మీటర్లకు చేరేదాకా అది కదలదు. ఆ హద్దు దాటగానే రేణువు దాదాపు నిట్టనిలువుగా ఎగిరి, గాలి ఊపు అందుకుని, ముందుకు ఏటవాలుగా వచ్చి పడుతుంది. పడుతూ పడుతూ మరికొన్ని రేణువులను ఎగరగొడుతుంది. ఈ గంతుల వరుసలో సాగే ఇసుకలో అత్యధిక భాగం మోకాలి ఎత్తు దాటదు. అందుకే హగరి ఒడ్డున నిలబడ్డ మనిషి ముఖానికి ఇసుక అంతగా తగలకపోయినా, పిక్కలకు సూదుల్లా గుచ్చుకుంటుంది, పక్కనే లేత వేరుశనగ ఆకులు చీలికలై కనిపిస్తాయి. గంతులు వేయలేనంత బరువైన రేణువులు వెనకనుంచి తగిలే దెబ్బలకు నేల మీదనే దొర్లుతూ పోతాయి. మరీ సన్నని మట్టి, అంటే మిల్లీమీటరులో పదిహేనో వంతుకన్న చిన్న రేణువులు, పైకి లేచి ఊళ్లు దాటిపోతాయి. కళ్లంలో తూర్పారబట్టినప్పుడు గింజ దగ్గర, పొట్టు దూరంగా పడ్డట్టే గాలి నేలను జల్లిస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఎగిరిపోయే సన్నని భాగంలోనే నేల సారమంతా ఉంటుంది, రైతుకు మిగిలేది గరుకు ఇసుక.

ఇందులో రెండు విషయాలు గుర్తుంచుకోదగినవి. హద్దు దాటాక కదిలే ఇసుక పరిమాణం గాలి వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక ఏడాదిలో జరిగే నష్టం ఎక్కువగా కొద్దిపాటి ఉధృతమైన రోజుల్లోనే జరిగిపోతుంది. ఇసుకలో కొద్దిపాటి తడి ఉన్నా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని లేవవు. పుష్యమి కార్తెలో పడే ఒక్క పదును వాన పైరుకు చేసే మేలు కన్న ఇసుకను కట్టివేయడంలో చేసే మేలు ఎక్కువ కావచ్చు. ఇక మానవ ప్రయత్నంగా మిగిలేది చెట్ల వరుస. గాలికి అడ్డంగా పెంచిన వరుస తన ఎత్తుకు పది పదిహేను రెట్ల దూరం వరకు ఆవలివైపు గాలిని తగ్గిస్తుంది, అయితే అది గోడలా దట్టంగా ఉంటే గాలి దానిమీదుగా ఎగిరి వెనక సుడులై పడుతుంది. సగానికి సగం గాలి దూరిపోయేలా ఉన్న పలచని వరుసే ఎక్కువ దూరం కాపాడుతుంది. నేలను అంటుకుని పెరిగే వెంపలి వంటి మొక్కలు గంతులు వేసే ఇసుకను మొదట్లోనే పట్టుకుంటాయి. కార్యక్రమం పేరుతో ఒక ఏడాది మొక్కలు నాటి మరుసటి ఏడాది గొర్రెలకు వదిలేసిన చోట ఈ సూత్రాలేవీ పనిచేయకపోవడం సహజమే.

చెట్టు వెనక, ఇంటి వెనక, గుట్ట వెనక గాలి చితికిపోయే ఈ లక్షణమే కైట్ సర్ఫింగ్‌లో ప్రమాదాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. చూడటానికి అదే వేగంతో వీస్తున్నట్టున్న గాలి అడ్డంకి వెనక క్షణానికోసారి పడిపోతూ లేస్తూ ఉంటుంది. కైటు ఒక క్షణం వడలిపోయి, మరుక్షణం మనిషిని గాలిలోకి లేపుతుంది. అందుకే కైటు ఎగరేసే చోటికి గాలి వచ్చే వైపున చెట్లూ కట్టడాలూ లేని తీరాన్నే ఎంచుకోవాలి. ఎడారి తీరాలకు ఉన్న ఆకర్షణలో సగం ఇదే: అక్కడ గాలికి అడ్డుతగిలేది ఏమీ ఉండదు.

సగటు చెప్పని సంగతి

ఇసుకకు వేగపు ఘనంతో ఉన్న సంబంధమే గాలిమరకూ ఉంది. గాలికి ఎదురుగా ఒక చదరపు మీటరు చట్రం పెడితే దానిగుండా సెకనులో పోయే శక్తి, గాలి సాంద్రతలో సగాన్ని వేగపు ఘనంతో హెచ్చవేస్తే వస్తుంది. సముద్రమట్టాన ఘనపు మీటరుకు 1.225 కిలోలుగా తీసుకునే సాంద్రత, వేడిమి వల్లా ఎత్తు వల్లా అనంతపురంలో 1.1 కిలోల దగ్గర ఉంటుంది. ఇప్పుడు సగటు వేగం సెకనుకు 6 మీటర్లే ఉన్న రెండు కొండలను ఊహిస్తే, మొదటి దాని మీద ఏడాదంతా అదే 6 మీటర్ల గాలి వీస్తుందనీ, రెండో దాని మీద ఆరునెలలు 3 మీటర్లు, ఆరునెలలు 9 మీటర్లు వీస్తుందనీ అనుకోవచ్చు. మొదటి కొండ మీద లభించే శక్తి చదరపు మీటరుకు సుమారు 119 వాట్లు, రెండో దాని మీద సుమారు 208 వాట్లు. గాలి విద్యుత్తుకు అనువైన స్థలమని గుర్తించడానికి భారతదేశంలో చాలాకాలం పాటు 50 మీటర్ల ఎత్తున చదరపు మీటరుకు 200 వాట్లను హద్దుగా పెట్టుకున్నారు. సగటు ఒకటే అయినా ఒక కొండ పరీక్షలో నెగ్గుతుంది, మరొకటి తప్పుతుంది. అనంతపురం వంటి రుతుపవన ప్రాంతాలు రెండో కొండ తరహావి. నాలుగు నెలల గాలి ఏడాది లెక్కను మోస్తుంది.

యాత్రకు స్థలం వెతికేవారికి ఇదే లెక్క తలకిందులుగా పనికివస్తుంది. ప్రయాణ ప్రకటనల్లో కనిపించే వార్షిక సగటు వేగం వల్ల వారికి ఒరిగేది ఏమీ లేదు. వారు వెతకవలసింది ఫలానా నెలలో, ఫలానా గంటల మధ్య, 15 నుంచి 25 నాట్ల గాలి ఎన్ని రోజులు వీస్తుందన్న లెక్క. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, సెకనుకు అర మీటరుకు కొద్దిగా ఎక్కువ. కైటు మీద మనిషి నిలబడటానికి కావలసిన కనీస గాలి సుమారు 12 నాట్లు. సముద్రం మీద అలల తలలు అక్కడక్కడా తెల్లగా నురగ కట్టడం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. హగరి ఇసుక లేవడానికి కావలసిన అయిదారు మీటర్ల వేగం కూడా నాట్లలోకి మారిస్తే అంతే అవుతుంది. ఇది యాదృచ్ఛికమే అయినా ఉపయోగకరమైన యాదృచ్ఛికం: తీరాన పరికరం ఏదీ లేకపోయినా పొడి ఇసుక కాళ్లకు తగులుతుంటే కైటు విప్పవచ్చునని తెలుస్తుంది.

భారతదేశంలో గాలిని ఈ పద్ధతిలో, గంటగంటకూ నమోదు చేసి కొలిచే పని అన్నా మణి పేరుతో ముడిపడి ఉంది. భారత వాతావరణ శాఖలో ఉన్నత పదవి నుంచి 1976లో విరమించిన ఈ శాస్త్రవేత్త, 1980లలో బెంగళూరు కేంద్రంగా దేశమంతటా గాలి సర్వే నడిపి, ఆ ఫలితాలను సంపుటాలుగా ప్రచురించారు. ఆ తరహా కొలతలే ఆధారంగా, ఒకప్పుడు బంగారు గనులకు పేరుపడ్డ రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలు లేచాయి. తరువాత కడవకల్లు, శింగనమల, నల్లకొండ, వజ్రకరూరు ప్రాంతాలకు అవి విస్తరించాయి. 2022 జిల్లాల విభజనతో రామగిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని గాలికి ఆ సరిహద్దుతో నిమిత్తం లేదు. కొండలనే ఎంచుకోవడానికి కారణం ఎత్తు ఒక్కటే కాదు. గాలికి అడ్డంగా పరుచుకున్న నునుపైన గుట్ట వరుస మీదుగా పోయేటప్పుడు గాలి ఒత్తుకుని శిఖరం దగ్గర వేగం పెరుగుతుంది, నిట్టనిలువు అంచున్న కొండ మీద మాత్రం అది సుడులు తిరుగుతుంది.

మైదానంలో ఎత్తు ప్రభావాన్ని అంచనా కట్టడానికి ఇంజనీర్లు వాడే పాత సూత్రం ప్రకారం, ఎత్తు పదింతలైతే వేగం సుమారు 40 శాతం పెరుగుతుంది. ఘనం లెక్కన శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. అనంతపురం మరలు తొలితరపు పొట్టి స్తంభాల నుంచి ఇప్పటి నూరు మీటర్లకు మించిన స్తంభాలకు పెరగడానికి ఇదే మూలం. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ అంచనాలో ఆంధ్రప్రదేశ్ గాలి సామర్థ్యం 100 మీటర్ల ఎత్తున సుమారు 44 గిగావాట్లయితే, 120 మీటర్ల ఎత్తున దాదాపు 75 గిగావాట్లు. గాలిపటాన్ని నమ్ముకున్నవారికి ఆ ఎత్తులు అందవు. కైటు తాళ్లు 20 నుంచి 24 మీటర్లే ఉంటాయి కనుక నూరు మీటర్ల ఎత్తుకు గీసిన గాలి మ్యాపులను చూసి తీరం ఎంచుకుంటే భంగపాటు తప్పదు. వారికి పది మీటర్ల లెక్క కావాలి.

కైటు, మర, ఎడారి ఒడ్డు

కైటుకూ గాలిమరకూ ఉన్న చుట్టరికం ఎత్తుతో ఆగదు. మర రెక్కల్లో చివరి మూడోవంతు భాగమే మొత్తం చుట్టు వైశాల్యంలో సగానికి పైగా తుడుస్తుంది, ఎక్కువ శక్తిని రాబట్టేదీ అదే. కైటు కూడా గాలికి అడ్డంగా దూసుకుపోయేటప్పుడు ఆ రెక్క కొసలాగానే పనిచేస్తుంది: తన వేగం తోడై దానికి తగిలే గాలి, నేల మీద వీచే గాలికి కొన్ని రెట్లు అవుతుంది. 1980లో మైల్స్ లాయిడ్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ సూత్రం ఆధారంగా కైట్లతో విద్యుత్తు తీయవచ్చని లెక్కకట్టి చూపించాడు. క్రీడ వైపు ఫ్రాన్సులోని బ్రిటనీ తీరానికి చెందిన లెగైన్యూ సోదరులు, ముందంచున గాలి నింపిన గొట్టంతో నీటిలో పడ్డా మళ్లీ లేచే కైటుకు 1984లో పేటెంటు పొందారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట పతకాల పట్టికకు ఎక్కింది.

కైటు మీద బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక, గాలి రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది. మధ్యస్థమైన బరువున్న మనిషి 15 నాట్ల గాలిలో 12 చదరపు మీటర్ల కైటు వాడితే, 25 నాట్లకు కేవలం లెక్క ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు చాలాలి. వాస్తవంలో ఏడు మీటర్లది వాడతారు, ఎందుకంటే బలహీనమైన గాలిలో కైటును అటూ ఇటూ ఊపి కృత్రిమంగా వేగం పుట్టిస్తారు, బలమైన గాలిలో ఆ అవసరం లేదు, పైగా చేతిలోని కడ్డీని ముందుకు వదిలి కైటు కోణాన్ని తగ్గించుకునే వీలుంది. మారుమూల తీరానికి రెండు మూడు పరిమాణాల కైట్లు మోసుకుపోవలసి రావడం ఈ వర్గ సంబంధం వల్లనే. కడ్డీ ఎంత వదిలినా గాలి ఒక హద్దు దాటితే చేయగలిగేది ఏమీ ఉండదు. ఆ పూట ఒడ్డున కూర్చోగలగడం ఈ ఆటలో నేర్పుగానే లెక్క.

ఇక ఎడారి తీరాల్లో గాలి అంత నిలకడగా వీయడానికి కారణం సముద్రంలోనే ఉంది. తీరం వెంబడి నిలకడగా వీచే గాలి, భూభ్రమణ ప్రభావంతో పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా తోస్తుంది. ఆ ఖాళీలోకి లోతుల్లోని చల్లని నీరు పైకి వస్తుంది. చల్లని నీటిమీద గాలి పైకి లేవదు కనుక మేఘం కట్టదు, వాన పడదు. పక్కనే నేల కాగిపోతుంటే చల్లని సముద్రానికీ వేడి నేలకూ మధ్య పీడనపు తేడా పెరిగి గాలి ఇంకా బలపడుతుంది. గాలి చల్లని నీటిని లేపడం, చల్లని నీరు గాలిని పెంచడం అన్న ఈ పరస్పర పోషణ నమీబియాలో బెంగ్వెలా ప్రవాహం వెంబడి, దాఖ్లాలో కనరీ ప్రవాహం వెంబడి నడుస్తుంది. ల్యూడెరిట్జ్ గాలి ఎంత నమ్మకమైనదంటే అక్కడ ఒడ్డు వెంబడి కాలువ తవ్వి వేగపు పోటీలు పెట్టారు; 2008లో సెబాస్టియన్ కట్టెలాన్ 500 మీటర్ల దూరంలో 50 నాట్ల సగటును దాటిన తొలి వ్యక్తి అయ్యాడు, 2010లో రాబ్ డగ్లస్ దాన్ని 55.65 నాట్లకు, అంటే గంటకు 103 కిలోమీటర్లకు చేర్చాడు. ఎడారి కదా అని పలచని బట్టలతో వెళ్లినవారికి అక్కడి నీటి చలి కొరుకుడుపడదు. రబ్బరు తొడుగు లేకుండా దిగలేరు.

అనంతపురానికి వచ్చే గాలి కూడా దారిలో ఇదే పని చేసి వస్తుంది. ఫిండ్లేటర్ జెట్ కింద సోమాలియా, ఒమన్ తీరాల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా చల్లని నీరు పైకి పొంగుతుంది. ఒమన్ లోపలి ఎడారి 45 డిగ్రీలకు కాగుతున్న రోజుల్లో మసీరా ద్వీపపు ఒడ్డున వేడి 30 డిగ్రీల చుట్టూ ఆగిపోవడానికీ, ఆ నెలల్లో గాలి రేయింబవళ్లు వీస్తూ 20 నాట్లను సునాయాసంగా దాటడానికీ మూలం అదే. మస్కట్‌లో బతుకుతెరువు వెతుక్కున్న వేలాది తెలుగువారికి ఈ ద్వీపం అంత దూరమేమీ కాదు: షన్నా రేవు దాకా అర్ధదినపు రోడ్డు ప్రయాణం, అక్కడినుంచి ఫెర్రీ. అయితే ద్వీపంలో జనం పలచన, సౌకర్యాలు కొద్ది. తెగిన తాడుకు బదులు, చిరిగిన కైటుకు అతుకు, గాలి పంపు, మందులు, ఫెర్రీ ఆగిపోతే ఒకటి రెండు రోజులకు సరిపడే తిండి అన్నీ వెంట ఉండాలి. వాతావరణ సూచనల నమూనాలు ప్రపంచాన్ని కిలోమీటర్ల లెక్కన గళ్లుగా విభజించి చూస్తాయి; పేరున్న ఇరా5 అనే గాలి చరిత్ర దత్తాంశపు గడి సుమారు 30 కిలోమీటర్లది. అంత పెద్ద గడిలో సన్నని ద్వీపం గాని, రామగిరి గుట్ట గాని దాదాపు కనిపించవు. కొండకు కొలత స్తంభం ఎంత అవసరమో, తీరానికి అక్కడి జాలరి మాట అంత అవసరం.

చివరగా దిక్కు. ఒడ్డు వెంబడి, లేదా కాస్త ఏటవాలుగా ఒడ్డుకేసి వీచే గాలి కైటుకు క్షేమం. ఏమి తప్పినా మనిషి తీరానికే చేరతాడు. సముద్రంకేసి వీచే గాలి చూడటానికి నీటిని అద్దంలా ఉంచుతుంది గాని, తాడు తెగితే మనిషిని లోపలికి తీసుకుపోతుంది. అనంతపురం దాటి తూర్పుకు సాగిన పడమటి గాలి ఆంధ్ర తీరానికి చేరేసరికి సరిగ్గా ఈ ప్రమాదకరమైన దిక్కులోనే ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగే రోజులు ఉన్నా, మైపాడు గాని సూర్యలంక గాని ఆషాఢంలో కైటుకు తగిన చోటు కాకపోవడానికి కారణం ఇది. రామేశ్వరం సంగతి వేరు. ద్వీపానికి దక్షిణాన మన్నారు సింధుశాఖ, ఉత్తరాన పాక్ అఖాతం ఉండటంతో నైరుతి గాలికి ఒకవైపు అలల నీరు, మరోవైపు నిలకడ నీరు దొరుకుతాయి. శీతకాలంలో ఈశాన్య గాలి వచ్చినప్పుడు ఆ రెండూ తారుమారవుతాయి. రెండు గాలులూ చేతులు మారే అక్టోబరు, నవంబరుల్లో ఎటూ నమ్మకం ఉండదు. ఆ నెలల్లో అక్కడికి ప్రయాణం కట్టినవారికి గాలి దొరకడం అదృష్టం, వాన దొరకడం మాత్రం ఖాయం.